అరుదైన రికార్డింగును ఎలా వినాలి? అంతగా తెలియని శాస్త్రీయ సంగీతం, సమీక్షకుని బాధ్యత

పాత శాస్త్రీయ సంగీత రికార్డింగులు మునుపెన్నడూ లేనంత సులభంగా శ్రోతలకు అందుతున్నాయి. గ్రామఫోను రికార్డులు, ఆకాశవాణి టేపులు, రసికుల ఇళ్లలో దశాబ్దాలుగా దాచిన స్పూళ్లు డిజిటల్ రూపంలోకి మారుతున్నాయి. వాటిలో ప్రసిద్ధుల కచేరీలతో పాటు, నేటి తరం పేరైనా వినని గాయకులు, వైణికులు, నాగస్వర విద్వాంసులు ఉన్నారు. సభల్లో ఇప్పుడు వినబడని కృతులు, పదాలు, అధ్యాత్మ రామాయణ కీర్తనలు ఉన్నాయి. వీటిని విని, మంచిచెడ్డలు తేల్చి చెప్పే సమీక్షలు మాత్రం చాలా తక్కువ.

ఈ కొరత చిన్నదిగా కనిపించవచ్చు. కానీ అందరికీ తెలిసిన కృతిపై ఒక సమీక్షకుడు పొరపడితే, దిద్దడానికి వంద రికార్డింగులు, వేలాది శ్రోతలు ఉంటారు. ఎవరికీ తెలియని కృతి విషయంలో అలా కాదు. దానిపై వెలువడిన ఒక్క సమీక్షే తరువాతి వారికి ఆధారమవుతుంది. ‘గొంతు కీచుగా ఉంది’, ‘కృతి అసంపూర్ణంగా ఉంది’ అని అందులో రాస్తే ఆ మాటలే ఆ గాయకుని పేరుకు అంటుకుంటాయి. ఆ కీచుదనం పాత యంత్రానిదా, గాయకునిదా అని మళ్లీ ఎవరూ విచారించరు. అందువల్ల ఇటువంటి సంగీతాన్ని సమీక్షించేవారు తీర్పు చెప్పడానికి ముందే కొన్ని విషయాలు పరిశీలించవలసి ఉంటుంది.

పాత రికార్డులు ఎందుకు వెలుగులోకి వస్తున్నాయి?

గ్రామఫోన్ కంపెనీ ప్రతినిధి ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 నవంబరులో కలకత్తాలో రికార్డింగులు చేపట్టడంతో భారతదేశంలో వాణిజ్య ధ్వనిముద్రణ ఆరంభమైంది. ఆ తరువాతి సంవత్సరాల్లో దక్షిణాది విద్వాంసుల గానం, వాదన కూడా రికార్డులకెక్కాయి. భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ధ్వనిముద్రణపై హక్కు దానిని ప్రచురించిన సంవత్సరం తరువాతి సంవత్సరారంభం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. ఆ గడువు ముగిసిన రికార్డుల సంఖ్య ఏటా పెరుగుతోంది. సేకర్తలు, సంస్థలు వాటిని డిజిటల్‌గా మార్చి ప్రజలకు అందించడానికి ఇదొక కారణం.

పాశ్చాత్య సంగీతంలో రికార్డు సమీక్ష ప్రత్యేక రచనా ప్రక్రియగా ఎప్పుడో స్థిరపడింది. 1923లో కాంప్టన్ మెకంజీ బ్రిటన్‌లో స్థాపించిన ‘గ్రామఫోన్’ పత్రిక ఇందుకు పేరుపొందింది. అక్కడ కృతి లిఖిత స్వరప్రతి రూపంలో ఉంటుంది. వాద్యకారుడు ఆ ప్రతికి ఎంత న్యాయం చేశాడన్నది విమర్శకుని ప్రశ్న. కర్ణాటక సంగీతంలో అటువంటి ఏకైక ప్రామాణిక ప్రతి ఉండదు. ఒకే కృతికి గురుపరంపరను బట్టి పాఠాంతరాలు ఉంటాయి. కల్పన గాయకునిదే. అందువల్ల పోలిక ఆధారంగా నడిచే సమీక్షా పద్ధతి ఇక్కడ కొంతవరకే ఉపయోగపడుతుంది.

మూడు నిమిషాల్లో ఇమిడిన కృతి

మొదట గమనించవలసినది కాలపరిమితి. 10 అంగుళాల గ్రామఫోను రికార్డు ఒక వైపు సుమారు 3 నిమిషాలు మాత్రమే పలుకుతుంది. సభలో 20 నిమిషాలు విస్తరించే కృతిని ఆ వ్యవధికి కుదించడానికి గాయకులు ఆలాపనను రెండు మూడు పదబంధాలకు పరిమితం చేసేవారు. సంగతులు తగ్గించేవారు, నెరవును వదిలేసేవారు, కొన్నిసార్లు చరణమంతా విడిచిపెట్టేవారు. ఆ రికార్డును విని ‘ఈ విద్వాంసునికి నెరవు మీద ఆసక్తి లేదు’ అని నిర్ణయించడం సరికాదు.

చరణం విడిచిపెట్టినప్పుడు మరొక నష్టం కూడా కలుగుతుంది. త్యాగరాజ కృతుల్లో వాగ్గేయకారుని ముద్ర సాధారణంగా చివరి చరణంలో వస్తుంది. ఆ చరణం పాడకపోతే, కృతి ఎవరిదో రికార్డు మీది కాగితపు చీటీ చెప్పినంతే తెలుస్తుంది. చీటీపై కర్త పేరు తప్పుగా ఉండవచ్చు, రాగం పేరు తప్పుగా ఉండవచ్చు, అసలు ఉండకపోవచ్చు. ముద్ర వినబడినంత మాత్రాన కర్తృత్వం తేలిపోదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ప్రసిద్ధ వాగ్గేయకారుల ముద్రతో ఇతరులు చేర్చిన రచనలపై పండితుల మధ్య వాదాలున్నాయి. కాబట్టి ‘చీటీపై ఇలా ఉంది’ అనేది ఒక వాక్యంగాను, ‘కృతి ఫలానా వారిది’ అనేది మరొక వాక్యంగాను రాయాలి.

వేగం మారితే శ్రుతి మారుతుంది

‘78 వేగం’ అని అందరూ అనే పాత రికార్డులన్నీ నిజానికి నిమిషానికి 78 చుట్లతో ముద్రించినవి కావు. తొలి దశాబ్దాల్లో కంపెనీని బట్టి, రోజును బట్టి వేగం అటూ ఇటూ అయ్యేది. వేగంలో సుమారు 6 శాతం తేడా వస్తే శ్రుతి అర స్వరం మారుతుంది. 74 చుట్ల వేగంతో ముద్రించిన రికార్డును 78 వేగంతో తిప్పితే గాయకుని ఆధార షడ్జం దాదాపు అర స్వరం పైకి జరుగుతుంది. అదే పాళ్లలో లయ కూడా చురుకవుతుంది. గమకాలు తొందరగా వినిపిస్తాయి. నిండుగా ఉండవలసిన గొంతు సన్నబడుతుంది.

మైకు లేని రోజుల్లో గాయకులు సహజంగానే ఎక్కువ శ్రుతిలో పాడేవారు. అందువల్ల ఎంతవరకు గాయకుని శ్రుతి, ఎంతవరకు యంత్రదోషం అని తేల్చడం కష్టమే. అయినా మార్గాలున్నాయి. అదే విద్వాంసుని ఇతర రికార్డులతో, వీలైతే అదే రోజు ముద్రించిన వాటితో పోల్చవచ్చు. తరువాతి కాలపు రేడియో కార్యక్రమాలు దొరికితే వాటిలో వినబడే శ్రుతిని గమనించవచ్చు. ఇవేవీ వీలు కానప్పుడు ‘ప్రస్తుత డిజిటల్ ప్రతిలో శ్రుతి ఇంత ఉంది’ అని చెప్పి ఆగడం మేలు.

ధ్వని గ్రహణ పద్ధతినీ పరిశీలించాలి. 1920ల ద్వితీయార్ధం వరకు మైకు లేకుండా, కొమ్ము ఆకారపు గొట్టం ముందు పాడి ముద్రించేవారు. బలమైన గొంతులు ఆ పద్ధతిలో నిలిచాయి. వీణ వంటి మృదువాద్యాలు చిక్కిపోయాయి. తరువాత విద్యుత్ ధ్వనిముద్రణ వచ్చి పరిస్థితి మారింది. వీణ ధనమ్మాళ్ (1867–1938) వాదన అతి మృదువైనది. కొద్దిమంది శ్రోతల మధ్య, నిశ్శబ్దమైన గదిలో వినదగినది. ఆమె జీవిత చరమాంకపు రికార్డులు కొన్ని మిగిలాయి గానీ, వాటిలోని గరగరల వెనుక ఆ నాదంలో ఎంత భాగం మనకు చేరుతున్నదో ఆలోచించాలి. నాగస్వరానిది దీనికి విపర్యయం. కరవది నుంచి శ్రీరంగం చేరి స్థిరపడిన షేక్ చిన మౌలానా (1924–1999) వాద్యం గుడి ప్రాకారాల్లో, ఊరేగింపుల్లో దూరం నుంచి వినడానికి పుట్టింది. స్టూడియోలో చేరువగా పెట్టిన మైకు ఆ వాద్యపు బిగువును పట్టినంతగా దాని విస్తృతిని పట్టలేదు.

గరగరలను తుడిచివేసే సాఫ్ట్‌వేర్ కొత్త చిక్కులు తెచ్చింది. శబ్దశుద్ధి మోతాదు మించితే వయొలిన్ నాదంలోని పై అనుస్వరాలు, తంబురా మెరుపు, గాయకుని ‘స’, ‘శ’, ‘ష’ల మధ్య తేడా కూడా చెరిగిపోతాయి. ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) కమాను పనితనాన్ని ఇలా నునుపు చేసిన ప్రతిలో విని, నాదం మొద్దుగా ఉందనడం అన్యాయమే అవుతుంది. ఒకే రికార్డుకు రెండు డిజిటల్ ప్రతులు దొరికినప్పుడు రెండింటినీ విని, ఏది మూలానికి దగ్గరగా ఉందో చెప్పడం సమీక్షలో తప్పనిసరి భాగం.

సాహిత్యం పాతది, బాణీ ఎవరిది?

తెలుగు శ్రోతలకు ఈ ప్రశ్న మరీ ముఖ్యం. తాళ్లపాక అన్నమాచార్యుని సంకీర్తనలు తిరుమల ఆలయంలోని రాగిరేకులపై లభించాయి. వాటిపై రాగాల పేర్లు ఉన్నాయి గానీ స్వరాలు లేవు. అంటే నేడు మనం వింటున్న అన్నమయ్య పాటల బాణీల్లో అత్యధిక భాగం 20వ శతాబ్దంలోనూ ఆ తరువాతా కూర్చినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) వందకు పైగా సంకీర్తనలకు స్వరరచన చేశారు. నేదునూరి కృష్ణమూర్తి (1927–2014) కూర్చిన బాణీలు కచేరీల్లో, రికార్డుల్లో స్థిరపడ్డాయి. తిరుమల తిరుపతి దేవస్థానాలు 1978లో ప్రారంభించిన అన్నమాచార్య ప్రాజెక్టు ద్వారా మరెన్నో పాటలు రికార్డయ్యాయి.

ఇటువంటి పాటను సమీక్షిస్తూ ‘15వ శతాబ్దపు సంగీతం’ అనడం పొరపాటు. సాహిత్యం 15వ శతాబ్దానిది, సంగీతం నిన్నటిది. బాణీ కర్త పేరు చెప్పకపోతే ఒక స్వరకర్త శ్రమ కనుమరుగవుతుంది. రాగిరేకు మీది రాగాన్ని ఉంచారా, మార్చారా అన్నది కూడా చెప్పాలి. మార్చడం తప్పు కాదు. కొన్ని పాత రాగాల స్వరూపం నేడు నిశ్చయంగా తెలియదు. కానీ ఆ మార్పు పాఠకునికి తెలియాలి.

క్షేత్రయ్య పదాల స్థితి వేరు. 17వ శతాబ్దపు ఈ రచనలు నాట్యకళాకారిణుల కుటుంబాల్లో నోటి నుంచి నోటికి నడిచాయి. ధనమ్మాళ్ మనుమరాళ్లు బృంద, ముక్తలు పాడిన పదాలకు విలువ గాత్రమాధుర్యం వల్ల మాత్రమే వచ్చినది కాదు. అవి ఒక కుటుంబం తరతరాలుగా కాపాడుకున్న పాఠాలు. విలంబ కాలంలో నడిచే పదాన్ని ‘మందకొడిగా ఉంది’ అనే సమీక్షకుడు, ఆ నడకే ఆ ప్రక్రియకు ప్రాణమని గ్రహించలేదన్నమాట. కార్వేటినగరం సారంగపాణి పదాలకు, మునిపల్లె సుబ్రహ్మణ్యకవి అధ్యాత్మ రామాయణ కీర్తనలకు కూడా బాణీ ఎవరి ద్వారా వచ్చింది, పరంపరాగతమా, కొత్తగా కూర్చినదా అన్న ప్రశ్న వేయవలసిందే.

తెలుగులో ఉన్న గీటురాయి

స్వరప్రతులు అసలే లేవని కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులకు దౌహిత్రుడు, దత్తపుత్రుడు అయిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురంలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని ప్రచురించారు. ఆ మహాగ్రంథం తెలుగు లిపిలో అచ్చయింది. అందులో ముత్తుస్వామి దీక్షితుల కృతులు 200కు పైగా ఉన్నాయి. స్వరాలతో పాటు గమకాలను సూచించే ప్రత్యేక చిహ్నాలూ ఉన్నాయి. అరుదైన దీక్షితుల కృతి రికార్డింగు చేతికి వచ్చినప్పుడు, పోల్చి చూడడానికి తెలుగు చదవగల సమీక్షకునికి ఇంతకన్నా మంచి ఆధారం అరుదు.

అయితే ఈ గ్రంథాన్ని న్యాయస్థానంలా వాడకూడదు. దీక్షితుల సంప్రదాయంలో మేళకర్తల పేర్లు వేరు. నేడు హనుమతోడి అంటున్నదానికి అక్కడ జనతోడి అని పేరు. మేచకల్యాణికి శాంతకల్యాణి అని పేరు. చీటీపై అపరిచితమైన రాగం పేరు కనబడగానే అది కొత్త రాగమని భావించరాదు. అలాగే గాయకుని పాఠం గ్రంథపాఠానికి భిన్నంగా ఉంటే అది తప్పని వెంటనే అనరాదు. మరొక శిష్యపరంపర పాఠం కావచ్చు. ‘1904 ముద్రిత పాఠంలో ఈ స్థలంలో ఇలా ఉంది, గాయకుడు ఇలా పాడారు’ అని తేడా చూపించడమే అక్కడ చేయవలసిన పని. ఆంధ్రదేశంలో నడిచిన బాణీని తెలుసుకోవడానికి శ్రీపాద పినాకపాణి (1913–2013) రచించగా తిరుమల తిరుపతి దేవస్థానాలు ప్రచురించిన ‘సంగీత సౌరభం’ సంపుటాలు ఉపకరిస్తాయి.

ఆకాశవాణి వదిలిన జాడలు

1948 డిసెంబరు 1న ప్రారంభమైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం తెలుగునాట శాస్త్రీయ సంగీతానికి పెద్ద ఆశ్రయమైంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, శ్రీరంగం గోపాలరత్నం, వోలేటి వెంకటేశ్వర్లు వంటివారి గానం ఆ కేంద్రం ద్వారా ఇళ్లకు చేరింది. ‘భక్తిరంజని’, ‘సంగీత శిక్షణ’ కార్యక్రమాలు సభలకు వెళ్లని వారికీ సంగీతం నేర్పాయి.

వోలేటి వెంకటేశ్వర్లు (1928–1989) ఉదాహరణ ఈ సమస్యను స్పష్టం చేస్తుంది. పినాకపాణి శిష్యుల్లో ఆయన అగ్రగణ్యులు. హిందుస్తానీ గానాన్ని, ప్రత్యేకించి బడే గులాం అలీ ఖాన్ పద్ధతిని ప్రేమించి, దాని పరిమళాన్ని కర్ణాటక రాగాలాపనలో ఇముడ్చుకున్నారు. విద్వాంసుల్లో ఆయనకున్న గౌరవంతో పోలిస్తే మార్కెట్లోకి వచ్చిన రికార్డులు బహు తక్కువ. నేటి శ్రోత ఆయనను ప్రధానంగా రేడియో, ప్రైవేటు రికార్డింగుల ద్వారానే వినగలడు. వాటిలో కొన్నింటికి ఆరంభం ఉండదు, కొన్ని మధ్యలో తెగుతాయి, కొన్నింటిలో శ్రుతి నిలకడగా ఉండదు. ఒక తెగిపోయిన ఆలాపనను విని ఆయన ప్రతిభను కొలవడం కుదరదు. ఆ ఆలాపన ఎక్కడ తెగిందో చెప్పకుండా కొలవడం అసలే కుదరదు.

రేడియో టేపుల్లో ప్రకటన ఉంటే గాయకుని పేరుతో పాటు వయొలిన్, మృదంగ విద్వాంసుల పేర్లూ తెలుస్తాయి. ఇళ్లలో, సభల్లో తీసిన స్పూళ్లలో ఆ ప్రకటన ఉండదు. ఫలితంగా పక్కవాద్య విద్వాంసులు అనామకులవుతారు. డిజిటల్ ప్రతిలో ప్రకటనను కత్తిరించి పాట మాత్రమే ఉంచే అలవాటు కూడా ఇదే నష్టం చేస్తోంది. సమీక్షకుడు పక్కవాద్యాల పేర్లు వెతికి రాయాలి. దొరకకపోతే వాదనను గూర్చి అయినా రాయాలి.

పదం ఎక్కడ విరిగింది?

కర్ణాటక సంగీత సాహిత్యంలో పెద్ద భాగం తెలుగు. దానిని పాడుతున్నవారిలో చాలామందికి తెలుగు మాతృభాష కాదు. ఈ విషయంలో తెలుగు సమీక్షకుని చెవికి ప్రత్యేక బాధ్యత ఉంది. తెలుగులో అచ్చు నిడివి అర్థాన్ని మారుస్తుంది. ‘మన’ వేరు, ‘మాన’ వేరు. ‘పలు’ వేరు, ‘పాలు’ వేరు. ‘కల’కు, ‘కళ’కు మధ్య ఒక్క హల్లే తేడా. సంధి కలిసిన చోట తప్పుగా శ్వాస తీసుకుంటే ఒక పదం రెండుగా చీలి వేరే అర్థం ఇస్తుంది. అరుదైన కృతిలో ఇది మరీ ప్రమాదకరం. వినేవారికి సరైన పాఠం ముందుగా తెలియదు కనుక రికార్డులో వినబడిన తప్పే పాఠమై వ్యాపిస్తుంది.

కానీ ఇక్కడ కూడా తొందరపాటు తగదు. హ్రస్వాన్ని రాగం కోసం సాగదీయడం గానధర్మం. ప్రతి సాగతీతా ఉచ్చారణ దోషం కాదు. తాళపు ఎడుపును బట్టి వాగ్గేయకారుడే పదాన్ని విరిచిన సందర్భాలున్నాయి. తంజావూరు సీమలో పుట్టిన తెలుగు రచనల్లోని కొన్ని రూపాలు నేటి కోస్తా వ్యవహారానికి భిన్నంగా ఉంటాయి. వాటిని అశుద్ధమని దిద్దబోతే సమీక్షకుడే పాఠాన్ని పాడుచేసినవాడవుతాడు. తమిళ, కన్నడ కుటుంబాల గాయకులు తరతరాలుగా ఈ తెలుగు పాటలను కాపాడినందువల్లే అవి మనకు దక్కాయన్న కృతజ్ఞతతోనే ఉచ్చారణ విమర్శ సాగాలి.

అరుదు కావడమే గొప్పతనమా?

అంతగా తెలియని సంగీతంపై వచ్చే రాతల్లో రెండు అతివాదాలు కనిపిస్తాయి. మొదటిది, అరుదైనదల్లా అద్భుతమని పొగడడం. మరుగున పడిన కృతులన్నీ అన్యాయంగా మరుగున పడినవి కావు. కొన్నింట రాగస్వరూపం బలంగా నిలవదు, కొన్నింట సాహిత్యం పలుచన. ఆ మాట చెప్పకపోతే సమీక్ష ప్రకటనగా మారుతుంది. రెండవది, ప్రసిద్ధుల శైలిని కొలమానంగా పెట్టి తెలియనివారిని తక్కువ చేయడం. ఒక జిల్లా కేంద్రంలో బోధనకే జీవితం అంకితం చేసిన విద్వాంసుని గానంలో సభారంజన తక్కువగా ఉండవచ్చు. పాఠశుద్ధి ఎక్కువగా ఉండవచ్చు. దేనిని వెతుకుతూ వింటున్నామో ముందే తెలుసుకోవాలి.

ఈ వివేచన అవసరం సభలకు దూరంగా ఉన్న శ్రోతకు ఎక్కువ. సూరత్ నగరంలో ఎన్నో తెలుగు కుటుంబాలు జౌళి పరిశ్రమను నమ్ముకుని తరాల క్రితమే స్థిరపడ్డాయి. సూరత్‌లోనో, ఆ జిల్లా పల్సానా తాలూకాలోని జోల్వా వంటి పారిశ్రామిక ప్రాంతంలోనో ఉంటూ తెలుగు సంగీతం వినాలనుకునేవారికి విజయవాడ, తిరుపతి సభలు వందల కిలోమీటర్ల దూరం. వారికి ఫోనులో దొరికే రికార్డింగే కచేరీ. పిల్లలకు పాట నేర్పాలన్నా అదే ఆధారం. వేగం తప్పిన ప్రతిని, పదం విరిగిన పాఠాన్ని సరైనదిగా భావించి నేర్చుకుంటే దిద్దే గురువు దగ్గర ఉండకపోవచ్చు.

కాబట్టి ఇటువంటి రికార్డింగుపై వెలువడే సమీక్షలో కొన్ని వివరాలైనా ఉండాలి. గాయకులు, పక్కవాద్యాలు ఎవరు. మూలం గ్రామఫోను రికార్డా, రేడియో టేపా, ఇంటి స్పూలా. ఎంత నిడివి, ఏ భాగం లోపించింది. వేగం, శ్రుతి నమ్మదగినవేనా. సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది. ముద్రిత పాఠంతో ఎక్కడ విభేదిస్తుంది. ఏ పదం స్పష్టంగా లేదు. ఇవి చెప్పిన తరువాతే గానం ఎలా ఉందన్న అభిప్రాయానికి బలం వస్తుంది. ఆ అభిప్రాయంతో విభేదించే పాఠకునికి కూడా ఈ వివరాలు ఉపయోగపడతాయి. రేపు మరొక ప్రతి దొరికినప్పుడు దానితో పోల్చి, పాత సమీక్షలో ఏది నిలుస్తుందో, ఏది మార్చాలో చెప్పడానికి వీలవుతుంది.